నా కాలి మీద గీత పడేదాకా

మా ఇంటికి వచ్చేవాళ్లు ఈమధ్య ముందు నా ముఖం చూడడం లేదు, ఎడమ కాలు చూస్తున్నారు. చూసి, "ఇప్పుడు ఎట్లుండావు ఓబులమ్మా" అని కాలినే అడిగినట్టు అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక, నాకున్న అయిదో తరగతి చదువుతో ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మొన్న పక్క పల్లెలో ఒకామెను పాము కరిస్తే, ఇంట్లోవాళ్లు కాలికి తాడు బిగించి కట్టి మధ్యాహ్నం దాకా విప్పలేదట. ఆ మాట విన్నాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

నా పని కాన్పులు చేయడం. కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను. మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె కొడుకు సుంకన్ననే చేసుకున్నాను కాబట్టి నాకు పని నేర్పింది, నన్ను ఏలింది, నాతో పోట్లాడింది అన్నీ ఆమే. తర్వాత కర్నూలు ఆసుపత్రిలో దాయీలకు, అంటే మాలాంటి మంత్రసానులకు, పెట్టిన తరగతికి పోయి, కత్తెర ఎంతసేపు మరగబెట్టాలో, చేతులు ఎట్లా కడుక్కోవాలో నేర్చుకొచ్చాను. "నేను చేతులు కడుక్కోకనే నిన్ను పుట్టిచ్చినా" అని అత్త అప్పుడు ఎద్దేవా చేసింది. ఆ మాట ఇప్పుడు అనదు. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

కార్తీకం, రెండో వారం

బుడ్డల చేలో, అంటే వేరుశనగ చేలో, కట్టె పీకుతున్నాం. పొద్దెక్కినా మంచు ఇంకా పూర్తిగా ఆరలేదు. పీకిన కట్టె కుప్పగా వేసి, ఆ కుప్ప పక్కన కాలు పెట్టాను. చిటికెన వేలి పక్కన ముల్లు దిగినట్టు అనిపించింది. చూస్తే జానెడు పాము, చుట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ గరగర శబ్దం చేస్తూ ఉంది. చిన్న పింజర.

నేను అరవలేదు. "మామా, పాము" అన్నాను, అంతే. మా ఆయన ఎద్దుల పగ్గం తెచ్చి మోకాలి కింద చుట్టి, కట్టెపుల్ల దూర్చి మెలిపెట్టి, ఇక తిరగదు అన్నదాకా బిగించాడు. పద్నాలుగేళ్ల కిందట వాళ్ల అన్న ఇట్లాగే చేలో పాము కరిచి, ఇల్లు చేరకుండానే పోయాడు. ఆ రోజు ఎవరూ తాడు కట్టలేదని ఆయన మనసులో ఉండిపోయింది.

బండిలో కోడుమూరుకు, ఆడ నుంచి బస్సులో కర్నూలుకు. బండిలో అత్త నా తల ఒళ్లో పెట్టుకుని నన్ను నిద్రపోనీయలేదు. "చెప్పు, చాకలి సుబ్బమ్మకు కవలలు పుట్టింది ఏ వారం?" అంటుంది. నేను చెప్పాలి. "తప్పు, ఆదివారం" అంటుంది. "కాదు, సోమవారం, నువ్వు ఆ పొద్దు ఒక్కపొద్దుండావు" అని నేను. కోడుమూరు చేరేసరికి ముప్పై కాన్పులకు వారాలు తేల్చుకున్నాం. ప్రాణం మీదికి వచ్చిన మనిషితో అత్త వారాల మీద కొట్లాడిందని తర్వాత అందరూ నవ్వారు. నన్ను నిలబెట్టింది ఆ కొట్లాటే.

బస్సులో వెనకబెంచీ మొత్తం ఖాళీ చేసి ఇచ్చారు. ముఖం కూడా గుర్తులేని ఒక పెద్దాయన తన శాలువ మడిచి నా కాలి కింద పెట్టి, కర్నూలులో దిగేటప్పుడు తిరిగి అడగకుండానే వెళ్లిపోయాడు. ఆ శాలువ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు ఒకాయన చూశాడు. ఆయన పేరు రాయను, రాయడం ఆయనకు ఇష్టం ఉండదు. ముందు సూది వేసి, తర్వాత పగ్గం ముడిని కొంచెం కొంచెంగా వదులు చేశాడు.

"ఎవరు కట్టినారు ఇది?"

"నేనే సామీ" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడు?"

"పొద్దున, సద్దిపొద్దుకు ముందు."

అప్పటికి పొద్దు నడినెత్తి దాటి చాలాసేపైంది. డాక్టరు తాడు దిగిన గాడిని వేలితో తడిమి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తడమడమే మా ఆయనకు తగిలింది.

కార్తీకం, చివరి రోజులు

వారం రోజులు నేను ఉన్నానో లేనో నాకే సరిగా తెలీదు. చిగుళ్లలో నెత్తురు కారేది, కాలు ఏనుగు కాలంత అయింది. అది తగ్గిన తర్వాత ఒక పొద్దున కళ్లు తెరిస్తే ఆకలేసింది. అత్త రాగిజావ తాపింది. ఇక బయటపడ్డాం అనుకున్నాం.

అప్పుడు చిటికెన వేలు నల్లబడడం మొదలుపెట్టింది. ముందు నేరేడుపండు రంగు. రెండు రోజులకు పక్క వేలు. తర్వాత దాని పక్కది. గిల్లితే తెలియలేదు.

డాక్టరు మంచం మీదే కూర్చుని చెప్పాడు. "విషం పోయిందమ్మా, ప్రాణానికి భయం లేదు. కాని తాడు అంతసేపు ఉండిపోయింది. వేళ్లకు నెత్తురు అందలేదు. పాము చేసింది సగమే."

"పోయినాయా సార్ వేళ్లు?"

"పోయినాయి. ఎంతవరకు పోయిందో నేను ఇప్పుడు చెప్పలేను. నీ ఒళ్లే చెబుతుంది. చచ్చిన దానికీ బతికిన దానికీ మధ్య గీత పడుతుంది. గీత పడ్డాక కోస్తాను. ముందే కోస్తే బతికేది కూడా పోవచ్చు."

"గీత యాడ పడొచ్చు?"

ఆయన వేలితో మూడు చోట్ల చూపించాడు. వేళ్ల మొదట్లో, పాదం మధ్యలో, మోకాలి కింద.

నాకు ఏడుపు రాలేదు, లెక్క వచ్చింది. కాన్పు దగ్గర గొంతుక్కూర్చోవాలి, గంటలకొద్దీ. వేళ్లు పోతే కూర్చోవచ్చు. పాదం సగం పోతే కష్టం. మోకాలు దాకా పోతే నా పని పోయినట్టే. చుట్టూ పది పల్లెల్లో అప్పటికి కడుపుతో ఉన్న ఆడవాళ్ల పేర్లన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

మార్గశిరం

ఎదురుచూడడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునేదాన్ని. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చోవడమే కదా నా పని. కాని నేనే మంచంలో ఉండి నా కాలి కోసం ఎదురుచూడడం వేరే సంగతి.

నా పక్క మంచం హుసేన్ బీది. కర్నూలు పాతబస్తీ మనిషి, అరవై దాటినాయి. తొడ ఎముక విరిగి, కాలికి ఇసుక సంచి వేలాడదీసి పడుకోబెట్టారు. కాలు కదలకూడదు కాబట్టి నోరు కదిలించేది. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి కొత్తగా రాజధాని అయింది. ఊరి నిండా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, ఎక్కడ చూసినా బళ్లారి సరిహద్దు మాటలే. రోజూ డాక్టరు నా కట్టు విప్పగానే ఆమె మెడ చాచి అడిగేది.

"ఏం సార్, మా ఓబులమ్మ సరిహద్దు ఈ దినం యాడికొచ్చె? బళ్లారికి గీత గీసేదానికి అంతమంది పెద్దమనుషులు కూర్చునిరి. దీని కాలికి మీరొక్కరేనా?"

ఎప్పుడూ నవ్వని ఆ డాక్టరు ముఖం తిప్పుకుని నవ్వుకోవడం నేను చూశాను.

అత్తకూ డాక్టరుకూ మాత్రం పడలేదు. అత్త వేపాకు, పసుపు నూరి కట్టాలంటుంది. ఆయన తడి తగలకూడదంటాడు, పొడిగా ఎండనీమంటాడు. "ఎండితే ఏమి బాగుపడతాది, ఎండిన కొమ్మ చిగురిస్తాదా" అని ఆమె కొట్లాట. ఒక రోజు ఆయన లేనప్పుడు పసుపు ముద్ద చేసుకుని కట్టు విప్పింది. విప్పి, చేత్తో పట్టుకుని వేలు దగ్గరగా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ముద్ద పక్కన పెట్టేసి మళ్లీ కట్టు కట్టింది.

"ఏమత్తా?"

"ఇది బొడ్డు మాదిరే ఎండుతాందే ఓబులా" అంది.

నిజమే. బొడ్డు కోసిన తర్వాత బిడ్డకు మిగిలే ఆ ముక్క ఎట్లా నల్లబడి, ముడుచుకుని, తోలు మాదిరి అవుతుందో మాకంటే ఎక్కువ చూసినవాళ్లు ఎవరు. దానికి తడి తగిలితే చీము. పొడిగా ఉంచితే వారానికి తనంతట తానే ఊడుతుంది, ఊడే చోట ముందు సన్నని ఎర్రని అంచు కనిపిస్తుంది.

మర్నాడు డాక్టరు రాగానే అత్తే చెప్పింది. ఆయన నిలబడినవాడు కూర్చున్నాడు.

"మాకు చదువు చెప్పినవాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేదు అవ్వా. అంచు మాట సరిగ్గా అదే. కాని ఒక తేడా ఉంది. బొడ్డు పోవడం ఒంటికి ముందే తెలిసిన పని, బిడ్డకు ఇక దాంతో అవసరం లేదు. ఈ వేళ్లు బతకాల్సినవి, మధ్యలో పోయాయి. మన ఒళ్లంతా కంటికి కనపడని చిన్న చిన్న కణాలతో కట్టిందే. నెత్తురు అందక హఠాత్తుగా చచ్చే కణం ఉబ్బి పగిలిపోతుంది, దాని లోపలిది పక్కవాటి మీద పడుతుంది. అందుకే అంచు దగ్గర ఎరుపు, వాపు, మంట."

ఆ రోజు నుంచి అత్త పసుపు మాట ఎత్తలేదు. వార్డులో ఎవరు నా కాలిని ముట్టుకోబోయినా "చేతులు కడుక్కుంటివా?" అని గద్దించేది.

ఆ తర్వాతి వారం భయపెట్టిన వారం. జ్వరం వచ్చింది. కట్టులోంచి వాసన వచ్చింది. ఎరుపు పాదం దాటి పైకి ఎగబాకింది. డాక్టరు జేబులోంచి పెన్ను తీసి నా చీలమండ పైన సిరాతో గీత గీశాడు.

"పెన్సిలిన్ ఇస్తున్నాం. రేపు సాయంత్రానికి ఎరుపు ఈ గీత దాటితే మోకాలి కింద తీసేయాలి. దాటకపోతే ఆగుదాం."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దంతా అత్త నా కాలి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను చూడలేదు, కప్పు దూలాలు లెక్కపెట్టాను. ఆ వార్డు కప్పుకు ఎన్ని దూలాలున్నాయో ఇప్పుడడిగినా చెప్తాను. హుసేన్ బీ జపమాల తిప్పుతూ ఉంది. ఎప్పుడూ ఆగని ఆమె నోరు ఆ రోజు ఆగిపోయింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. అత్త పక్కకు జరిగింది. ఎరుపు, ఆ గీతకు రెండు వేళ్ల వెడల్పు కిందే ఆగింది, పైగా పాలిపోతూ ఉంది. ఆయన ఏమీ అనక ముందే అత్త "దిగినాది సార్, మధ్యాన్నం నుంచే దిగుతాంది, నేను చూస్తానే ఉండా" అంది. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. హుసేన్ బీ తన ఇంటి నుంచి వచ్చిన సేమ్యా పాయసం వార్డంతా పంచమని పట్టుబట్టింది. వార్డులో మూత్రపిండాల జబ్బుతో ఉప్పు మానేసిన ఒకామె, అన్నమే దిగని ఇంకొకామె కూడా ఒక చెంచా తిన్నారు.

పుష్యం

జ్వరం పోయింది. నన్ను చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకుపోయేవారు. వరండాకు అవతల కాన్పుల వార్డు. బిడ్డ ఏడుపు వినిపించినప్పుడల్లా నేను కుర్చీలో నిటారుగా అయ్యేదాన్ని.

ఒక పొద్దున అక్కడ గోల. తొలి కాన్పు పిల్ల, మగబిడ్డ పుట్టాడు. కుడికాలికి రెండు వేళ్లు అతుక్కుని ఉన్నాయి. గ్రహణం పొద్దు బయటికి వచ్చినావని అత్తగారు, రాలేదని కోడలు. ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏడుస్తూ బిడ్డకు పాలు కూడా ఇవ్వడం లేదు. నర్సమ్మకు నేను దాయినని తెలుసు, నన్ను కుర్చీతో సహా లోపలికి తోసింది.

నేను బిడ్డను ఒళ్లో పెట్టుకుని కాలు చూశాను. "ఏంటికమ్మా ఏడుస్తాండావు. ఇట్లాంటోళ్లను నేను ముగ్గురిని పుట్టిచ్చినా. ఒకడు ఇప్పుడు మా ఊర్లో అందరికంటే ముందు పరిగెత్తుతాడు" అన్నాను. అది నిజమే. ఆ పిల్ల తల తిప్పి బిడ్డను కాదు, నా కట్టు చూసింది. "నీకేమైంది?" అంది. చెప్పాను. వింటూ వింటూ బిడ్డను తీసుకుని పాలిచ్చింది.

డాక్టరు అటువైపు వచ్చినవాడు గుమ్మంలో నిలబడి విన్నట్టున్నాడు. గ్రహణం కాదని ఆ అత్తగారికి చెప్పడానికి లోపలికి వచ్చాడు.

"కడుపులో మొదట బిడ్డ కాలు, చెయ్యి తెడ్డు మాదిరి ఉంటాయమ్మా. వేళ్ల మధ్య కూడా కండే ఉంటుంది. కొన్ని దినాలకు ఆ మధ్యనున్న కణాలు వాటంతట అవి చచ్చిపోతాయి. అప్పుడు వేళ్లు విడిపోతాయి. వీనికి ఆ రెండింటి మధ్య చావాల్సినవి చావలేదు, అంతే. కప్పపిల్లకు తోక పోయేది కూడా ఇట్లాగే."

నేను అడిగాను. "మరి అవి చచ్చినప్పుడు ఎరుపు, వాపు రావా సార్?"

"రావు. చప్పుడు లేకుండా ముడుచుకుని పోతాయి. పక్కనున్నవి వాటిని మింగి శుభ్రం చేస్తాయి. తల్లికి తెలీదు, బిడ్డకు తెలీదు."

"టైమైందని వాటికి ఎవరు చెప్తారు?"

ఆయన బిడ్డ కాలి వేళ్లు చూశాడు. "అది ఇంకా మాకు తెలీదు. తెలిసిననాడు మీకు ఉత్తరం రాస్తాను."

వందల మంది బిడ్డలను ఈ చేతుల్లోకి తీసుకున్నాను. పుట్టగానే వేళ్లు లెక్కపెట్టి తల్లికి చెప్పడం నా అలవాటు. ఇన్నేళ్లూ వేళ్లే లెక్కపెట్టాను, వేళ్ల మధ్య సందులను ఎప్పుడూ చూడలేదు. నా కాలిలో చచ్చిందాన్ని చూసి చూసి చావంటేనే అసహ్యం పట్టుకున్నదాన్ని, ఆ రోజు తిరిగి మంచానికి వచ్చి చాలాసేపు నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఎంతో కాలం తర్వాత మనసు తేలికగా ఉంది.

ఆ శనివారం మా ఆయన వచ్చాడు. ప్రతి శనివారం వచ్చేవాడు. తెచ్చిన సద్ది అత్త చేతికిచ్చి, గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడి, బస్సు వేళకు వెళ్లిపోయేవాడు. నా మంచం దగ్గరికి రాలేదు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా నా కాలు చూడలేదు.

హుసేన్ బీ ఆ రోజు ఊరుకోలేదు. "ఏమప్పా, ఆ స్తంభం నువ్వు పట్టుకోకున్నా నిలబడతాది. వచ్చి కూర్చో."

వార్డంతా నవ్వింది. ఇక తప్పక వచ్చి కూర్చున్నాడు.

"నేనే చంపితి నీ కాలిని" అన్నాడు, నేల చూస్తూ.

"మామా, నేను బొడ్డుకు దారం ఎందుకు కడతా?"

"నెత్తురు ఆగేదానికి."

"నువ్వెందుకు కట్టినావు?"

ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు ఎట్ల కట్టల్లో, యాడ కట్టల్లో మీ అమ్మ నేర్పింది. నీకు ఎవరూ నేర్పలేదు. ఇద్దరమూ బతకల్లనే కట్టినాము. నేను బతికినా. చూడు."

కట్టు నేనే విప్పాను. ఆ వారమే గీత పడింది. మూడు వేళ్ల మొదట్లో, ఎవరో కాటుక పుల్లతో దిద్దినట్టు సన్నగా, వంకర లేకుండా. ఇవతల గులాబి రంగు తోలు, అవతల బొగ్గు. బొటనవేలు, దాని పక్కది నిక్షేపంగా ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, బతికిన వైపు అరచెయ్యి ఆనించి, "వెచ్చగా ఉండాది" అన్నాడు.

సోమవారం కోశారు. మూడు వేళ్లు. బొడ్డుతాడు మాదిరి వీటిని కూడా గుంత తీసి పూడ్చాలా అని అత్త డాక్టరును నిజంగానే అడిగింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. పాము కరిస్తే తాడు బిగించి నెత్తురు ఆపొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. మనిషిని నడవనీయకుండా, కదలనీయకుండా, ధైర్యం చెప్తూ ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఆసుపత్రికి తీసుకుపోండి. దారిలో మాట్లాడుతూ ఉండండి. కావాలంటే కొట్లాడండి.

మాఘం

ఇంటికి వచ్చాను. సాయంగా మా కూతురు జమ్మలమడుగు నుంచి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది. చిట్టికి పదకొండో నెల. మంచం కోళ్లు, రోలు, గోడ, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతుంది. వదిలితే పడుతుంది. నా సంగతీ అదే. చేతికర్ర ఉంటే నడుస్తాను, లేకపోతే ఎడమ వైపుకు ఒరుగుతాను. చిటికెన వేలు మనిషిని ఇంత నిలబెడుతుందని పోయాక గాని తెలీలేదు.

దాంతో వాకిట్లో ఇద్దరికీ ఒకే బడి. అత్త అరుగు మీద చేటలో బుడ్డలు ఏరుకుంటూ ఇద్దరినీ గదమాయిస్తుంది. "చిట్టే, ఆ రోలు వదులు. ఓబులా, ఆ కర్ర వదులు." ఊళ్లో ఆడవాళ్లు నీళ్లకు పోతూ గోడ మీదుగా తొంగి చూసి ఎవరు గెలుస్తున్నారని అడిగేవాళ్లు. మూడు వారాలు రోజూ ఇదే ఆట. మోకాళ్లకు ఇద్దరికీ ఒకే చోట దెబ్బలు.

ఒక పొద్దున ఎండ ఇంకా వాకిట్లోకి దిగుతున్నప్పుడు, నేను కర్రను గోడకు ఆనించి పెట్టాను. చిట్టి రోలు పట్టుకుని నన్నే చూస్తూ ఉంది. నేను ఒక అడుగు వేశాను. అది రోలు వదిలింది. నేను రెండోది, అది రెండోది. వాకిలి మధ్యకు వచ్చేసరికి అది ఆరు వేసింది, నేను అయిదు. ఎదురుబొదురుగా వచ్చి, ఒకరినొకరు పట్టుకోబోయి, ఇద్దరమూ ఒకేసారి దబ్బుమని కూర్చున్నాం. చిట్టి నా ముఖం చూసి పకపకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

మా ఆయన కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చి, ఒంగి, చెరో చెయ్యి ఇచ్చాడు. చిట్టి ఆ చెయ్యి పట్టుకోలేదు. రెండు చేతులూ నేలకానించి తనే లేచింది. నేను మాత్రం పట్టుకున్నాను.